జూన్ ఫీజుకూ దసరా సిబ్బికీ మధ్య

సంపాదకులకు నమస్కారం.

వెదురు బుట్టలల్లి బతికే మేదరి ఇళ్ల పిల్లలు పదో తరగతి దాటాక చదువు మానేస్తే, తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని తేలిగ్గా తేల్చేస్తాం. వరంగల్, ములుగు ప్రాంతాల్లో నేను గమనించినంతలో అసలు చిక్కు డబ్బు వచ్చే కాలానికీ కట్టవలసిన కాలానికీ పొత్తు కుదరకపోవడంలోనే ఉంది. బతుకమ్మ పేర్చే వెదురు పళ్లేలకు, అంటే సిబ్బులకు, పెత్తరమాస నుంచి సద్దుల బతుకమ్మ దాకా, గంపలకూ చాటలకూ పెళ్లి ముహూర్తాలప్పుడు గిరాకీ ఉంటుంది. కాలేజీ ప్రవేశం, బస్సు పాసు, హాస్టల్ సామాను మాత్రం జూన్‌లో ఒక్కసారిగా మీద పడతాయి. ఆ నెలలో షావుకారు దగ్గర బయానా తీసుకున్న తల్లి, దసరాకు అల్లబోయే సిబ్బులను అతడు చెప్పిన ధరకు అప్పుడే అమ్ముకున్నట్టే.

పొదుపు సంఘాలు ఉన్నాయి కదా అనవచ్చు. వాటి రుణ వాయిదా నెలనెలా కట్టాలి, బుట్టల అమ్మకం నెలనెలా ఉండదు. సభ్యుల నుంచి బుట్టలు తానే కొని, నిల్వ ఉంచి, గిరాకీ వేళ అమ్మే మహిళా సహకార సంఘం కావాలి. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నియమావళిని సభ్యులే రాసుకోవచ్చు కనుక, ప్రతి బుట్ట ధరలో కొంత పిల్లల చదువు ఖాతాలో జమ చేసి, దాన్ని జూన్‌లో తప్ప తీయరాదని నిర్ణయించుకోవచ్చు. ఇది గాలిలో మాట కాదు: హన్మకొండ జిల్లా ములుకనూరులో 1956లో మొదలైన సహకార సంఘం నేటికీ నడుస్తోంది, ఆ ఊరి పేరుతోనే మహిళల సహకార డెయిరీ కూడా నడుస్తోంది. అయితే పాల డబ్బు ఏడాది పొడవునా వస్తుంది, సిబ్బి డబ్బు అలా రాదు. అందువల్ల ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే చాలదు.

వెదురు దొరక్కపోతే మాత్రం సంఘానికి బోర్డు ఒక్కటే మిగులుతుంది. పచ్చి బొంగే సన్నని బద్దలుగా చీలుతుంది, ఎండినది అల్లేటప్పుడు విరుగుతుంది. మేడారం జాతరలో కంకవనాన్ని, అంటే వెదురునే, గద్దెకు తెచ్చి మొక్కే ప్రాంతంలో వెదురు కోసం వెతుక్కోవలసి రావడం విడ్డూరమే. అటవీయేతర భూముల్లో పెరిగే వెదురును భారత అటవీ చట్టంలోని చెట్టు నిర్వచనం నుంచి 2017లోనే తప్పించారు. ఇక ఊరి బంజరుల్లో వెదురు నాటి, కోత హక్కును ఈ సంఘాలకు రాసివ్వడానికి అడ్డేమిటో అధికారులు చెప్పాలి. అది కోతకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. అందాకా అటవీ డిపోల నుంచి పచ్చి బొంగులు నేరుగా సంఘానికే అందాలి.

ఒక్క షరతు. తల్లులు బుట్టలల్లి చదివించుకుంటున్నారు కదా అని ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలను సాగదీయరాదు. సంఘంలోని ఆ చదువు ఖాతా బస్సు పాసుకూ పుస్తకాలకూ హాస్టల్‌కూ ఉద్దేశించినది, సర్కారు కట్టవలసిన ఫీజుకు కాదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, హన్మకొండ