మా గెడ్డ ఏ నెల దాకా పారుతుంది?

గౌరవనీయులైన సంపాదకుడు గారికి,

నమస్కారం. ప్లస్ టూ అయిన పిల్లలు ఏం చదవాలి, ఏ ఉద్యోగాలున్నాయి అని మీరు వేసే పేజీని ఒడిశాలోని మా రాయగడలో చాలా ఇళ్లలో కత్తిరించి దాచుకుంటారు. ఇంటర్‌ని ఇక్కడ ప్లస్ టూ అనే అంటాం. నేను కూడా నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఆ పేజీ చదివి వినిపిస్తుంటాను. ఒక ఉద్యోగం మాత్రం అందులో నాకు ఎప్పుడూ కనబడలేదు. ప్రభుత్వానికి, కంపెనీకి, ఊరి జనానికి మధ్య ఉండి చేసే పని అది. నగరాల్లో పబ్లిక్ అఫైర్స్ అంటారు. మా వైపు లైజన్ పని అంటారు, లేదా ఒక్క మాటలో 'పైరవీ' అని కొట్టిపారేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

ఈ జిల్లా కొండ ఊళ్లలో ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేశాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో ఇక్కడి ఆదివాసుల భాష కువి. కొన్నేళ్ల కిందట ఒక గని ప్రాజెక్టు మీద జనం అభిప్రాయం వినే సభ, పబ్లిక్ హియరింగ్, జరుగుతుంటే, నా పాత విద్యార్థులు రమ్మంటే వెళ్లాను. షామియానా, మైకులు, పోలీసులు. కంపెనీ తరఫున వచ్చినాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పాడు, ఇంకొకాయన ఒడియాలో చదివాడు. అప్పుడు ముందు వరుసలోంచి ఒక ముసలమ్మ లేచి కువిలో అడిగింది (గెడ్డ అంటే కొండవాగు): "ఇప్పుడు మా గెడ్డ మామిడి పూత దాకా పారుతుంది. మీరు కొండ తవ్వాక ఏ నెల దాకా పారుతుంది?" మైకు దగ్గరున్న కుర్రాడు దాన్ని ఒడియాలోకి మార్చి, "తాగడానికి నీళ్లు కావాలంటోంది" అన్నాడు. "రెండు బోర్లు వేయిస్తాం" అని వేదిక మీద నుంచి జవాబు. అదే రాసుకున్నారు.

ఆమె బోరు అడగలేదు. ఆ గెడ్డ ఒడ్డున ఆమెకు చిన్న చిన్న వరి మడులున్నాయి, వాటి గురించి అడిగింది. నేను లేచేసరికి మైకు వేరేవాళ్ల చేతికి పోయింది. ఆ కుర్రాడిది చెడ్డ బుద్ధి అని నేను అనను, అతనికి కువి అంతవరకే వచ్చు. కానీ నేను అక్కడే గట్టిగా అరిచి చెప్పాల్సింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

చట్టంలో లోటు లేదండి. పర్యావరణ అనుమతుల మీద 2006లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి హియరింగ్‌కు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, చివర్లో అక్కడ రాసుకున్నదంతా స్థానిక భాషలో జనానికి వివరించి చదవాలి. మా దగ్గర స్థానిక భాష అంటే ఒడియా అనుకుంటారు. ఆ ముసలమ్మకు ఒడియా ఎంత దూరమో ఇంగ్లీషూ అంతే దూరం.

జనం మాట సరిగ్గా వింటే ఏమవుతుందో కూడా ఈ జిల్లా చూసింది. నియమగిరి కొండల్లో బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం, తవ్వాలన్న కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ముందు గ్రామసభల మాట తీసుకోమంది. ఆ ఏడాది జూలై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో సభలు పెట్టారు, ఏడు మా జిల్లావి, ఐదు కలహండివి. పన్నెండూ వద్దన్నాయి. వినకపోతే ఏమవుతుందో అంతకుముందే చూసింది: 2000 డిసెంబర్‌లో ఇదే జిల్లాలో కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో, బాక్సైట్ ప్రాజెక్టు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. రెండూ చూసినవాడిగా చెబుతున్నాను, మధ్యలో మాట మోసే మనిషి ఎవరన్నది చిన్న విషయం కాదు.

డబ్బు సంగతీ అంతే. 2013 కంపెనీల చట్టం కింద ఒక స్థాయి దాటిన కంపెనీ తన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి, చుట్టుపక్కల ప్రాంతానికి ముందు చూడాలి. 2015 నుంచి గనుల వాళ్లు, గనుల వల్ల నష్టపోయే ఊళ్ల కోసం పెట్టిన జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధికి కట్టాలి, పాత లీజులైతే ప్రభుత్వానికి ఖనిజం మీద కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానంగా. మాలాంటి షెడ్యూల్డ్ (ఆదివాసీ) ప్రాంతాల్లో ఆ నిధితో చేసే పనులకు గ్రామసభ ఆమోదం తప్పనిసరి. ఈ సంగతులు కొండ ఊళ్లో సర్పంచ్‌కి ఎవరు చెబుతున్నారు? ఊరికి ఏం కావాలో కలెక్టరేట్‌లో చెల్లే కాగితంగా ఎవరు రాస్తున్నారు?

ఇదే ఆ ఉద్యోగం. లీజు కాగితం చదవగలగాలి, బడ్జెట్ లెక్క అర్థం కావాలి, అరుగు మీద రెండు గంటలు కదలకుండా కూర్చుని వినగలగాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆఫీసర్ దగ్గర ఏం చెప్పావో మేనేజర్ దగ్గర, ఊళ్లో అదే చెప్పాలి. పైరవీకీ దీనికీ తేడా అక్కడే ఉంది. అమెరికాలోలా ఈ పని చేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలనే చట్టం మన దేశంలో లేదు, కాబట్టి మనిషి నిజాయితీ మీద ఇంకా బరువు పడుతుంది. జీతం కంపెనీ ఇస్తే ఊళ్లో అనుమానం వస్తుంది, అది సహజం. అందుకే కంపెనీకి ఒకరు ఉంటే చాలదు. బ్లాక్ ఆఫీసులోనూ, ఊళ్ల తరఫున పనిచేసే సంస్థల్లోనూ ఇదే చదువు చదివినవాళ్లు ఉండాలి.

మన తెలుగు పిల్లలు దీనికి సరిపోతారు. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊళ్లివి. మూడు భాషలు వీళ్లకు వీధిలోనే వస్తాయి. అయినా కంపెనీలు ఎక్కడి నుంచో మనుషుల్ని తెచ్చుకుంటాయి, మన పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఏదో ఒక పనికి చేరిపోతారు. చదువులు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్ టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో, బెంగళూరు నేషనల్ లా స్కూల్లో పబ్లిక్ పాలసీ చెబుతారు. ఢిల్లీలో చట్టసభల పనిని పరిశోధించే పీఆర్ఎస్ అనే సంస్థ వాళ్ల ల్యాంప్ ఫెలోషిప్‌లో చేరితే ఒక ఎంపీ దగ్గర పనిచేస్తూ చట్టాలు ఎలా తయారవుతాయో నేర్చుకోవచ్చు. మీ పేజీలో వీటి గురించి ఒక్కసారి రాయండి. కొరాపుట్‌లో 2009 నుంచి సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, స్థానిక భాషలతో కలిపి ఇలాంటి కోర్సు అక్కడే పెట్టమని కూడా అడగండి.

పోయిన నెల మా వీధి అమ్మాయి, ప్లస్ త్రీ (డిగ్రీ) పూర్తయింది, ఈ పనికి దరఖాస్తు పెడతానంటే వాళ్ల నాన్న "ఆడపిల్లకి మధ్యవర్తి పనేంటి మాస్టారూ" అని నా మీదకే వచ్చాడు. ఆ హియరింగ్ సంగతి ఆయనకు మొత్తం చెప్పాను. పిల్ల దరఖాస్తు పెట్టింది. ఆమెకు కువి కొంచెమే వచ్చు, సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద నేర్పుతున్నాను. ఇక్కడి కాలేజీవాళ్లు ఒక గది ఇస్తే వారానికి రెండు రోజులు, ఎంతమంది వచ్చినా, జీతం లేకుండా నేర్పుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మాస్టారు,
రాయగడ, ఒడిశా