భీమిలి డచ్చి సమాధులకు సిమెంటు పూయించకండి

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రి గారికి,

విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వచ్చేవాళ్లు చాలామంది గోస్తనీ సాగరంలో కలిసేచోట ఫొటోలు దిగి వెనక్కి మళ్లుతారు. డచ్చివారు 17వ శతాబ్దంలో బట్టల వ్యాపారానికి దిగిన రేవు ఇది. 1824లో ఇంగ్లీషువారికీ డచ్చివారికీ కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది, 1861లోనే మున్సిపాలిటీ అయింది. ఆ డచ్చి కాలాన్ని కళ్లకు కట్టేవి ఇక్కడి సమాధులు. లైట్లు, సెల్ఫీ పాయింట్ల కంటే ముందు వాటి సంగతి చూడండి.

అవి ఇటుకతో కట్టి సున్నంతో గచ్చు చేసినవి. గాలిలోంచి, నేల చెమ్మలోంచి ఉప్పు ఇటుకలోకి దిగుతూనే ఉంటుంది. సున్నపు పూతైతే చెమ్మ బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే దానికి దారి ఉండదు. ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. గోడ పైకి నున్నగానే కనబడుతుంది, తర్వాత పూత అట్టలా ఊడొస్తుంది. దాని వెనక ఉండేది ఎర్రటి పొడే.

అందుకే మరమ్మతు టెండరులోనే స్పష్టంగా రాయించండి: ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఏటి ఇసుక. సున్నం కనీసం నెల నానాలి. పక్కనే దొరుకుతుంది కదా అని బీచ్ ఇసుక కలిపితే ఉప్పును మనమే గోడలో పెట్టినట్టు. నీళ్లూ మంచినీళ్లే కావాలి. పూత పలచటి పొరలుగా వేసి, తడి గోనెలు కప్పి, వారం పది రోజులు ఎండ తగలకుండా చూడాలి. గోడ సందుల్లో మొలిచిన రావి మొక్కను పీకితే ఇటుకలూ కదిలి వస్తాయి. మొదలు దగ్గర కోసి, వేరు చచ్చాకే సందు పూడ్చాలి.

సమాధుల మీద పేర్లు చెక్కిన రాతి పలకల జోలికి యాసిడ్, వైరు బ్రష్, పెయింటు అసలు రానివ్వకండి. అరిగిన అక్షరాలు మిట్టమధ్యాహ్నం కనబడవు. చీకటి పడ్డాక టార్చి పలక అంచున ఏటవాలుగా పట్టుకుంటే ప్రతి గీతకూ నీడ పడి పేరు, సంవత్సరం తేలతాయి. అలా ఫొటోలు తీయించి, డచ్చి భాష వచ్చినవారిచేత చదివించి, తెలుగులో బోర్డులు పెట్టించండి. వాటిని సమాధులకు మేకులతో కొట్టకుండా, విడిగా స్తంభాలు పాతి పెట్టాలి. మామూలు ఇనుము ఈ గాలికి ఆగదు.

చూడవచ్చేవాళ్లకు వరస కూడా ముఖ్యమే. ఎండ ముదరకముందే పావురాళ్ల కొండెక్కి, బౌద్ధుల కాలపు నీటి తొట్లు చూసి దిగాలి. దీపస్తంభం తర్వాత. సమాధులు సాయంత్రం, వాలు వెలుతురులో.

మొదట ఒక్క సమాధికే పని చేయించి, ఒక వానాకాలం గడిచాక దాన్ని చూసి, అప్పుడు మిగతావాటికి అనుమతి ఇవ్వండి.

భీమిలి చరిత్ర అభిమానులు