పుట్టించేదీ మీరే, ఎక్కువైందని చంపేదీ మీరేనా?

సంపాదకుడు గారికి నమస్కారం,

జర్మనీలో న్యూరెంబర్గ్ జూ వాళ్ళు 2025 జులైలో 12 గినీ బబూన్లని చంపేశారు, వాటికి జబ్బేమీ లేదు, 25 కోతులకి కట్టిన ఎన్‌క్లోజర్లో 40 దాటిపోయాయి అంతే. పిల్లలు పుట్టకుండా మందులు వాడి చూశాం పనిచేయలేదు, వేరే జూలకి పంపిద్దామన్నా కుదర్లేదు అని వాళ్ళ వాదన.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ జూలో 2014 ఫిబ్రవరిలో మారియస్ అనే కుర్ర జిరాఫీ విషయంలో అయితే ఆ సాకు కూడా లేదు, ఇంగ్లండులో యార్క్‌షైర్ వైల్డ్‌లైఫ్ పార్కు మేం తీసుకుంటాం అన్నా ఇవ్వలేదు, దాని జన్యువులు యూరప్ జూలలో ఇప్పటికే ఎక్కువున్నాయి అని చంపి, పిల్లలు చూస్తుండగా కోసి సింహాలకి వేశారు. ఆ కోయడం మీద నాకు పెద్ద కోపం లేదండీ, సింహం ఎలాగూ గడ్డి తినదు, ఆదివారం మటన్ షాపు ముందు మన పిల్లలు చూసేదే కదా. ఆ మరుసటి నెలలోనే, మార్చిలో, కొత్త మగసింహం వస్తోందని అదే జూ నాలుగు సింహాల్ని కూడా చంపేసింది.

ఈ జూల వాదనలో నాకు మింగుడుపడనిది ఇదీ. పిల్లల్ని కని పెంచుకోవడం జంతువు సహజ గుణం కాబట్టి కననివ్వాలంట, తర్వాత ఎక్కువైతే తీసేయాలంట. కూనలు ముద్దుగా ఉన్నన్నాళ్ళూ టిక్కెట్లు బాగానే తెగుతాయి మరి. జతకట్టించే ముందే పుట్టబోయేది ఎక్కడుంటుందో రాసిపెట్టాలి, ఏడాదికి ఎన్ని చంపారో టిక్కెట్ కౌంటర్ దగ్గర బోర్డు పెట్టాలి, చూసి జనమే తేల్చుకుంటారు లోపలికి వెళ్ళాలో వద్దో.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్