పదిహేను రంధ్రాల బీములో అర మిల్లీమీటరు తక్కువ: బీములు మార్చి ఇవ్వాలి, వారంటీ జవాబు వెనక్కి తీసుకోవాలి

పాలకొల్లు,
పశ్చిమ గోదావరి జిల్లా.

గ్రీవెన్స్ ఆఫీసరు గారికి,

విషయం: మోటారు వాహనాల బ్లాక్స్ సెట్టులో, స్పేర్ ప్యాకెట్లలో కొలత తప్పిన పొడవాటి బీముల గురించి, "సొంత డిజైన్‌కు వారంటీ లేదు" అన్న మీ జవాబు గురించి.

అయ్యా / అమ్మా,

మోటారుతో నడిచే బొమ్మ వాహనాలు చేసుకోవడానికి మీ కంపెనీ అమ్మే ప్లాస్టిక్ బ్లాక్స్ సెట్టు ఒకటి, దాంతోపాటు బీములు (వరసగా రంధ్రాలున్న బద్దలు), యాక్సిళ్లు (ఇరుసులు), గేర్లు ఉన్న స్పేర్ ప్యాకెట్లు మీ వెబ్‌సైట్‌లోనే కొన్నాం. బిల్లు, ఆర్డరు వివరాలు, ఫొటోలు ఈ మెయిల్‌కు జతచేశాను. పదిహేను రంధ్రాల బీముల్లో కొన్ని కొలతకు లేవు. మార్చి ఇవ్వమని అడిగితే మీ కస్టమర్ కేర్ వాళ్లు "మాన్యువల్‌లో లేని మోడల్ చేశారు కాబట్టి వారంటీ వర్తించదు" అని ఒక్క వాక్యం రాసి ఫిర్యాదు క్లోజ్ చేసేశారు. బీముల సంగతి కంటే ఆ వాక్యమే నన్ను ఈ లేఖ రాయించింది.

నాకు ట్రాక్టర్లు, వరికోత మిషన్లు రిపేరు చేసే షెడ్డు ఉంది. మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది. చిన్నప్పటినుంచీ షెడ్డులో తిరిగిన పిల్ల కాబట్టి కార్లు, క్రేన్లు కాకుండా మా చేలల్లో తిరిగే చైన్ మిషన్నే, అంటే టైర్లకు బదులు చైన్ల మీద నడిచే వరికోత మిషన్నే చేస్తానంది. సార్వా కోతలప్పుడు తుపాను పడి చేలో నీళ్లు నిలిస్తే టైర్ల మిషన్ దిగబడిపోతుంది. అప్పుడు రైతు చైన్ మిషన్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు. అలాంటి మిషన్ను బ్లాకులతో నిజంగా నడిచేలా చేయాలని ఆ పిల్ల ఆశ. రెండు చైన్లకు రెండు మోటార్లు. రెండూ ముందుకు తిరిగితే మిషన్ తిన్నగా వెళ్తుంది, ఒకటి ఆపితే మలుపు తిరుగుతుంది, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిప్పితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ముందున్న కట్టర్‌ను లేపడానికి మూడో మోటారు, దానికి వార్మ్ గేరు (మరలాంటి వార్మ్ తిరుగుతూ ఎదుటి గేరును తిప్పుతుంది). వార్మ్ ఒక చుట్టు తిరిగితే ఎదుటి గేరు ఒక్క పన్నే జరుగుతుంది, అంటే 24 పళ్ల గేరు ఒకసారి తిరగాలంటే వార్మ్ 24 చుట్లు తిరగాలి. గేరు వైపు నుంచి ఎంత నొక్కినా వార్మ్ వెనక్కి తిరగదు కాబట్టి మోటారు ఆపేసినా కట్టర్ లేచిన చోటే నిలుస్తుంది. ఇదంతా ఆ పిల్ల ఆలోచనే. నేను పక్కన కూర్చుని గేర్ల లెక్క సరిచూశానంతే.

ముక్క పట్టుకునే ముందు కంప్యూటర్‌లో డిజైన్ చేసింది. బ్లాకుల మోడళ్లు గీసుకోవడానికి 1995 నుంచి వాడుకలో ఉన్న ఎల్‌డ్రా అనే ఉచిత పద్ధతి ఒకటి ఉంది. అందులో ఒక యూనిట్ అంటే 0.4 మిల్లీమీటర్లు. బ్లాకు మీది ఒక బొడిపె నుంచి పక్క బొడిపెకి (బీములో రంధ్రానికీ రంధ్రానికీ కూడా అంతే) 20 యూనిట్లు, బ్లాకు ఎత్తు 24, పల్చటి ప్లేటు ఎత్తు 8. మిల్లీమీటర్లలో చెప్పుకుంటే 8, 9.6, 3.2. అయిదు ప్లేట్లు పేరిస్తే 16 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా రెండు రంధ్రాల దూరం. అందుకే రంధ్రాలున్న రెండు బ్లాకుల మధ్య రెండు ప్లేట్లు పెడితే నిలువుగా బీము పెట్టినా పిన్ను హాయిగా దిగుతుంది. గేర్ల లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఎన్ని పళ్లుంటే పిచ్ వ్యాసం (ఎదుటి గేరు పళ్లతో కలిసే వలయం అడ్డకొలత) అన్ని మిల్లీమీటర్లు. 8 పళ్లదీ 24 పళ్లదీ కలిస్తే రెండు వ్యాసాల్లో సగం సగం కలిపి కేంద్రాల మధ్య 16 మిల్లీమీటర్లు, రెండు రంధ్రాలు. 8, 40 అయితే 24 మిల్లీమీటర్లు, మూడు రంధ్రాలు. మా షెడ్డుకు వచ్చే గేర్‌బాక్సుల్లో కూడా ఇంత శుభ్రమైన లెక్క అరుదు.

ఈ కొలతలు మీరు పెట్టినవి కావు. డెన్మార్క్‌లో లెగో వాళ్లు ఈ బిగింపు పద్ధతికి 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు పెట్టారు. యాక్సిళ్లు, గేర్లు, రంధ్రాల బీములతో 1977లో టెక్నిక్ సెట్లు తెచ్చారు. ఆ మొదటి పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇవాళ మీలాంటి కంపెనీలు అవే కొలతలతో చేసి తక్కువ ధరకు అమ్మగలుగుతున్నాయి. అందులో తప్పేమీ లేదు, మా బోటి వాళ్లకు అందుబాటులో ఉందనే మీ సరుకు కొన్నాం. కానీ పెట్టె మీద మీరు పెద్ద అక్షరాలతో వేసుకున్నది ఏమిటి? "అన్ని ప్రముఖ బ్రాండ్లతో సరిపోతుంది", "మీ ఊహలోని వాహనాన్ని మీరే డిజైన్ చేయండి". రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 8 మిల్లీమీటర్లు ఉంటుందన్న హామీ తప్ప ఆ రెండు మాటలకూ వేరే అర్థం లేదు.

ఇక జరిగింది చెప్తాను. మిషన్ తయారయ్యాక వరండాలో వదిలితే కుడిపక్కకి లాగేస్తోంది. కుడి చైన్ బిగుసుకుని నెమ్మదిగా నడుస్తోంది, లోపల గేరు దగ్గర టక్ టక్‌మని పన్ను జారుతున్న చప్పుడు. మోటారు అనుమానించి అటుదిటు మార్చాం. జబ్బు కుడివైపే ఉంది. చైన్లు మార్చాం, గేర్లు మార్చాం, అయినా కుడివైపే. ఒక్కో చైన్‌కు లోపల ఒకటి, బయట ఒకటి రెండు పదిహేను రంధ్రాల బీములుంటాయి. వాటి చివరి రంధ్రాల గుండానే చైన్‌ను తిప్పే యాక్సిల్ వెళ్తుంది. కుడివైపు లోపలి బీమును తీసి ఎడమవైపు పెట్టేసరికి ఎడమ చైన్ బిగుసుకుంది, కుడిది నూనె రాసినట్టు తిరిగింది. రిపేరు చేసేవాడికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. దోషం ఏ భాగంతో పాటు కదిలితే దోషం ఆ భాగానిదే.

ఆ బీమును ఎండలోకి తెచ్చి చూస్తే పసుపు రంగు మిగతావాటికంటే ఒక్క పిసరు ముదురుగా ఉంది. ప్లాస్టిక్ పోసినచోట మిగిలే చిన్న మచ్చ మిగతా బీములకు మధ్య రంధ్రం పక్కన ఉంటే, దీనికి చివర ఉంది. అంటే ఇది వేరే అచ్చులోంచి వచ్చింది. వెర్నియర్ (మిల్లీమీటరులో చిన్న భాగాలనూ చూపే కొలత పరికరం) పెట్టి మొదటి రంధ్రం, చివరి రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి, ఒక రంధ్రం వ్యాసం తీసేశాను. పదిహేను రంధ్రాలంటే పద్నాలుగు ఖాళీలు, 14 ఎనిమిదులు 112 మిల్లీమీటర్లు రావాలి. లేత రంగు బీములన్నీ 112 దగ్గరే ఉన్నాయి. ముదురు రంగువి 111.5. ప్యాకెట్లన్నీ కుమ్మరించి రంగును బట్టి వేరుచేసి కొలిస్తే ఒక్కటి కూడా తేడా రాలేదు: ముదురువన్నీ పొట్టివే. వెర్నియర్ పెట్టిన ఫొటోలు రెండు రకాలవీ పంపుతున్నాను, రీడింగు కనిపించేలా దగ్గరగా తీశాం.

అర మిల్లీమీటరేగా అనకండి. రెండు బీములూ పొట్టివైతే ఇబ్బందే ఉండేది కాదు. ఒకటి సరిగ్గా ఉండి రెండోది పొట్టిగా ఉంటే, ముందు చివర పిన్నులతో బిగించాక వెనక చివర రంధ్రాలు ఎదురెదురుగా ఉండవు. బందులు వరసలో లేని తలుపులాగా యాక్సిల్ వంకరగా పడి పట్టేస్తుంది. దాని మీదున్న గేరు కూడా ఏటవాలుగా కలుస్తుంది కాబట్టి బరువు పడ్డప్పుడల్లా పన్ను జారుతుంది. మా టక్ టక్ అదే.

కారణం కూడా మీకు తెలియనిది కాదు. ఇలాంటి బ్లాకులు చేసే ఏబీఎస్ అనే ప్లాస్టిక్ అచ్చులో చల్లారేటప్పుడు సుమారు 0.4 నుంచి 0.7 శాతం కుంచించుకుపోతుంది. అచ్చు చేసేవాళ్లు ఆ లెక్క ముందే వేసుకుని అచ్చును ఆ మేరకు పెద్దది చేస్తారు. ఒత్తిడి సరిపోకపోయినా, చల్లారే టైము తగ్గించి ముక్కను తొందరగా బయటికి తోసేసినా ఆ లెక్క తప్పుతుంది. 112కి అర మిల్లీమీటరు తక్కువంటే అర శాతం కూడా లేదు. సరిగ్గా ఇలాంటిచోటే పట్టుబడే తేడా అది. మీ ఫ్యాక్టరీలో జరిగిందో, మీరు తెప్పించుకునే చోట జరిగిందో నాకు అనవసరం. పెట్టె మీద పేరు మీది.

ఇప్పుడు మీ కస్టమర్ కేర్ వాక్యం దగ్గరికి వద్దాం. మాన్యువల్ ప్రకారం చేస్తే ఇబ్బంది రాదని వాళ్ల ఉద్దేశం. నిజమే, రాదు! మాన్యువల్‌లోని మోడళ్లు అన్నీ తిరగేశాం. యాక్సిల్ వెళ్లేచోట ఏడు రంధ్రాలకు మించిన బీము ఎక్కడా వాడలేదు. ఏడు రంధ్రాలకు తేడా 0.2 మిల్లీమీటర్లు, అది రంధ్రంలోని వదులులో కలిసిపోతుంది. పొడవాటి బీములు అలంకారానికి, పక్క గోడలకు వాడారు. అంటే మీ సరుకులోని లోపం సొంతంగా డిజైన్ చేసేవాళ్ల చేతుల్లోనే బయటపడుతుంది. అలా చేయండని పెట్టె మీద పిలిచేది మీరే, చేశాక వారంటీ లేదనేదీ మీరే. మరి స్పేర్ ప్యాకెట్లు దేనికి అమ్ముతున్నట్టు? వాటికి మాన్యువలే లేదు కదా.

ఆ జవాబు రావడానికి ముందు చాట్‌లో నడిచిన తంతు కూడా మీ దృష్టికి రావాలి. మొదట అన్‌బాక్సింగ్ వీడియో పంపమన్నారు. ముక్క తక్కువైతే వీడియో అడగొచ్చు. పొట్టిదైన ముక్క వీడియోలో ఎలా కనిపిస్తుంది? తర్వాత ఇంకొకరు వచ్చి యాక్సిళ్లకు ఏదైనా నూనె రాసి చూడమన్నారు. కొబ్బరినూనెకు కరువులేని ఊళ్లో ఉన్నాం కాబట్టి ఆ సలహా పాటించడం మాకు పెద్ద పని కాదు. కానీ కొన్ని నూనెలు, గ్రీజులు తగిలితే బిగింపు మీదున్న ఏబీఎస్‌కు పగుళ్లు వస్తాయి. ప్లాస్టిక్ అమ్మే కంపెనీ "ఏదైనా నూనె" అనకూడదు. ఈ సలహా ఇంకెవరికీ ఇవ్వొద్దని మీ వాళ్లకు చెప్పండి, పాపం చిన్నపిల్లలు నమ్మి రాసేస్తారు.

ఒకటి మాత్రం మీ తరఫున చెప్పాలి. పన్నెండు బొడిపెల పొడవున్న యాక్సిల్ ఒకటి మెలిపడింది. దాన్ని ఈ ఫిర్యాదులో కలపడం లేదు. ఎంత మంచి కంపెనీ యాక్సిల్ అయినా అంత పొడవున బరువు లాగితే మెలిపడుతుంది, దాన్ని పొట్టిగా చేసుకోవడం డిజైన్ చేసేవాళ్ల పని. మీ మోటార్లు కూడా బాగున్నాయి, గేర్ల పళ్లు శుభ్రంగా ఉన్నాయి. తిట్టడానికే కూర్చుని రాయడం లేదని మీకు అర్థం కావాలని ఈ మాట.

స్పేర్ ప్యాకెట్ల మీద బ్యాచ్ నంబరు లేదు, తయారైన నెల, సంవత్సరం లేవు, ఐఎస్ఐ గుర్తూ లేదు. ప్యాక్ చేసిన సరుకు మీద తయారుచేసినవారి చిరునామా, నెల, సంవత్సరం ఉండాలని తూనికలు కొలతల నియమాలు చెప్తాయి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. మీ పెద్ద పెట్టె మీద "8 ఏళ్లు దాటినవారికి" అని వేసి గుర్తు కూడా వేశారు. అందులో పెట్టే ముక్కలే విడిగా అమ్మినప్పుడు ఆ గుర్తు ఏమైంది? దీనికి రాతపూర్వకంగా జవాబు కావాలి. బ్యాచ్ నంబరే ఉండి ఉంటే ముదురు రంగు బీములు ఏ బ్యాచ్‌వో నేనే చెప్పి ఉండేవాణ్ణి, మీకూ పని తేలికయ్యేది.

నేను డబ్బు వాపసు అడగడం లేదు, పిల్ల చేస్తున్న మిషన్ పూర్తి కావాలి. సెట్టులోవీ ప్యాకెట్లలోవీ కలిపి పొట్టి బీములన్నిటికీ బదులు ఒకే అచ్చువి, కొలిచి చూసి పంపండి. కొరియర్ ఖర్చు మీదే. "సొంత డిజైన్‌కు వారంటీ లేదు" అన్న జవాబును వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి ఇవ్వండి, లేదా పెట్టె మీది ఆ రెండు మాటలు తీసేయండి. రెండూ ఒకేసారి కుదరవు.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు 2020 నాటి ఇ-కామర్స్ నియమాలున్నాయి. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. లేకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు, అక్కడా కాకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉన్నచోటే కేసు వేయొచ్చు, అయిదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. ఇంత చిన్న విషయానికి మిమ్మల్ని అంతదూరం నుంచి తిప్పాలని నాకు సరదా లేదు.

పొట్టి బీములు మాత్రం కొత్తవి చేతికి వచ్చి, కొలిచి చూసుకున్నాకే తిరిగి పంపుతాను. అంతవరకూ అవే నా సాక్ష్యం. కోతల సీజన్‌లో షెడ్డులో ఉండను, చేల మీదే ఉంటాను, కాబట్టి పార్సిల్ పంపే ముందు బిల్లు మీదున్న నంబరుకు ఒకసారి ఫోన్ చేయించండి. ఇంటి దగ్గర తీసుకునే మనిషిని పెడతాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు
(పేరు, ఫోన్ నంబరు, చిరునామా బిల్లులో ఉన్నాయి)

జతచేసినవి: బిల్లు, వెర్నియర్ ఫొటోలు, చాట్ స్క్రీన్‌షాట్లు, పెట్టె మీది రాతల ఫొటో, మోడల్ డిజైన్ ఫైలు.