వాలెట్ అడ్రస్‌లో నడిమి అక్షరాలూ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

క్రిప్టో పంపేవారికి అందరూ చెప్పే జాగ్రత్త ఒకటుంది: వాలెట్ అడ్రస్‌లో (డబ్బు చేరాల్సిన ఖాతా నంబరు లాంటిది) మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు సరిపోతే చాలని. దొంగలు సరిగ్గా ఈ అలవాటు మీదే బతుకుతున్నారు.

ఇథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ అడ్రస్‌లో ‘సున్నా ఎక్స్’ తర్వాత 40 గుర్తులుంటాయి. ఒక్కో స్థానంలో 0 నుంచి 9 వరకు అంకె గానీ, ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరం గానీ వస్తుంది. ఫోన్‌లో చోటు చాలక వాలెట్ యాప్ నడిమి భాగాన్ని చుక్కలతో కప్పేస్తుంది. అటూ ఇటూ నాలుగేసి గుర్తులు కలిసే నకిలీ అడ్రస్ దొరకాలంటే సగటున 429 కోట్ల ప్రయత్నాలు కావాలి. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌కు అది పెద్ద పని కాదు.

ఆ నకిలీ అడ్రస్ నుంచి మీకు కొద్ది పైసలే విలువ చేసే టోకెన్ (క్రిప్టో నాణెం లాంటిది) ఏదో వచ్చి పడుతుంది. లేదా మీ వాలెట్ నుంచే దానికి సున్నా యూఎస్‌డీటీ (డాలర్ విలువకు ముడిపెట్టిన టోకెన్) వెళ్లినట్టు మీ లావాదేవీల జాబితాలో ఒక వరుస కనిపిస్తుంది. వాలెట్ హ్యాక్ అయిందని కంగారు పడనక్కర్లేదు. సున్నా మొత్తం బదిలీకి చాలా టోకెన్ కాంట్రాక్టులు (టోకెన్‌ను నడిపే ప్రోగ్రామ్‌లు) యజమాని అనుమతి అడగవు, అందుకే ఎవరైనా ఆ వరుస ఎక్కించగలరు. మరోసారి డబ్బు పంపేటప్పుడు మీరు ఆ జాబితాలోంచి అడ్రస్ కాపీ చేస్తే మాత్రం డబ్బు పోయినట్టే.

2024 మేలో ఒకరు ఇలాగే 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (ఇథీరియం మీద నడిచే బిట్‌కాయిన్ రూపం), అప్పటి లెక్కన దాదాపు 6.8 కోట్ల డాలర్లు, నకిలీ అడ్రస్‌కు పంపేశారు. ముందుగా అసలు అడ్రస్‌కు కొద్దిపాటి ఈథర్ (ఇథీరియం సొంత నాణెం) పంపి సరిచూసుకున్నారు కూడా. దాన్ని గమనించిన దొంగ వెంటనే నకిలీ వరుస చొప్పించాడు. బేరసారాల తర్వాత చాలావరకు తిరిగొచ్చింది గానీ, అది అందరికీ జరిగేది కాదు.

పాత లావాదేవీల నుంచి అడ్రస్ ఎన్నడూ తీయొద్దు. తీసుకునేవారినే అడిగి, అడ్రస్ బుక్‌లో పేరుతో దాచుకోండి. ఎక్స్ఛేంజీలో (క్రిప్టో కొని అమ్మే వేదికలో) ఆ సౌకర్యం ఉంటే విత్‌డ్రాయల్ వైట్‌లిస్ట్, అంటే ముందే ఒప్పుకున్న అడ్రస్‌లకే డబ్బు వెళ్లనిచ్చే ఏర్పాటు, ఆన్ చేయండి. పేస్ట్ చేశాక నడిమి నుంచి ఆరేడు గుర్తులు పోల్చండి, ఎందుకంటే కాపీ చేసిన అడ్రస్‌ను మార్చేసే వైరస్‌లూ ఉన్నాయి. హార్డ్‌వేర్ వాలెట్ (క్రిప్టో తాళాలు దాచే విడి పరికరం) ఉన్నవారు దాని తెర మీదే చూడాలి. చెక్‌సమ్‌ను (అడ్రస్‌లోనే ఇమిడి ఉండే తప్పుల తనిఖీ) నమ్ముకోవద్దు. అది టైపింగ్ తప్పును పట్టుకుంటుందే తప్ప నకిలీని కాదు, నకిలీ కూడా చెల్లే అడ్రస్సే.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి లావాదేవీ హ్యాష్ (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) ఇవ్వండి. సొమ్ము ఏదైనా ఎక్స్ఛేంజీ ఖాతాకు చేరితే ఆపించే వీలుంటుంది.

వాలెట్ కంపెనీలు సున్నా విలువ వరుసలను తామే దాచేయాలి, పంపే ముందు 40 గుర్తులనూ విడదీసి చూపాలి.

— ఒక పాఠకుడు, హనుమకొండ