ఆ నాలుగు పాటలూ మళ్ళీ విను

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం చదివాను. విడిపోయి మళ్ళీ కలిసిన బ్యాండు పాత పాటలు వాయిస్తే చాలదా, కొత్తవి దేనికి అన్నావు. ఆ మాట అమెరికన్ రాక్ బ్యాండు పిక్సీస్ గురించే అన్నావని తెలుసు. అందుకే వాళ్ళ ‘ఈపీ1’ (ఈపీ అంటే ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) మళ్ళీ మళ్ళీ విని ఇది రాస్తున్నాను.

వాళ్ళు 2004లో కలిశారు. ఆ ఏడాది, బేస్ గిటార్ వాయిస్తూ పాడే కిమ్ డీల్ రాసిన ఒక కొత్త పాట వచ్చింది గానీ, ఆ తర్వాత ఏళ్ళ తరబడి వేదికల మీద పాత పాటలే. హాళ్ళు నిండుతున్నాయి, జనం సంతోషంగా ఉన్నారు, అలాగే సాగిపోవచ్చు. అయినా 2012లో వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోకి వెళ్ళి రికార్డింగ్ మొదలుపెట్టారు. ప్రొడ్యూసర్ గిల్ నార్టన్, 1989లో వాళ్ళ ‘డూలిటిల్’ ఆల్బమ్ చేసినాయనే. ఆ పని మధ్యలోనే కిమ్ వెళ్ళిపోయింది. అంతటితో ఆపేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. వీళ్ళు ఆపలేదు. డింగ్ ఆర్చర్ చేత బేస్ వాయించుకుని పని పూర్తి చేశారు. 2013 సెప్టెంబరులో నాలుగు పాటలు విడుదల చేశారు. నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది అక్కడేరా.

కిమ్ లేని లోటు మాత్రం తెలుస్తుంది. ప్రధాన గాయకుడు బ్లాక్ ఫ్రాన్సిస్ గొంతు చించుకుంటుంటే పక్కనే చల్లగా, ఏ తొందరా లేకుండా వినిపించే ఆ గొంతు ఇక్కడ లేదు. ‘అనదర్ టో ఇన్ ది ఓషన్’లో అది బాగా తెలుస్తుంది. పాట మరీ నున్నగా ఉంది, చెవికి ఎక్కడా తగలదు. సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ వాళ్ళు మొత్తం రికార్డుకి పదికి ఒక్క మార్కే వేశారు. అది అన్యాయం. వాళ్ళు 1989 నాటి బ్యాండు కోసం వెతికారు, ఎదురుగా ఉన్నదాన్ని వినలేదనిపిస్తుంది.

‘ఇండీ సిండీ’ వినరా! చరణాల్లో మాటలు కోపంగా, దాదాపు తిట్టినట్టు వస్తాయి. పల్లవికి రాగానే గిటార్ మెత్తబడుతుంది, నన్ను ప్రేమించమని ఫ్రాన్సిస్ బతిమాలతాడు. ఇన్నేళ్ళ తర్వాత తిరిగొచ్చిన బ్యాండు తన శ్రోతలతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది నాకు. కోపం, ప్రేమ రెండూ దాచుకోకుండా చెప్పేశాడు. బ్యాండు గిటారిస్టు జోయీ శాంటియాగో గిటార్ అక్కడ ఒక్క స్వరం కూడా ఎక్కువ వాయించదు.

నువ్వు విన్నది 2014లో వచ్చిన ఆల్బమ్ అనుకుంటా. మూడు ఈపీల్లోని పన్నెండు పాటలూ అందులో కలిపేశారు, వరుస మార్చేశారు. గోలగా ఉండే ‘వాట్ గోస్ బూమ్’ అక్కడ మొదటిది, ‘ఆండ్రో క్వీన్’ ఎక్కడో పదోది. ఈపీలో దీనికి తలకిందులు. నిదానంగా, ఏదో వేరే గ్రహం నుంచి వస్తున్నట్టుండే ‘ఆండ్రో క్వీన్’తోనే మొదలవుతుంది. ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళ ముందు అంత నెమ్మది పాట పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి! గోల చివర్లో వస్తుంది. పన్నెండింటి మధ్య ఆ ధైర్యం కనబడకుండా పోయింది. మొదట్లో ‘కమ్ ఆన్ పిల్‌గ్రిమ్’ కూడా ఎనిమిది పాటల చిన్న రికార్డే కదా, చిన్నదనం వీళ్ళకి బాగా నప్పుతుంది.

కాబట్టి ఆల్బమ్ పక్కన పెట్టి, ఈ నాలుగూ ఈపీ వరుసలో విను. నచ్చకపోతే ఏ పాట దగ్గర మనసు విరిగిందో రాయి, దాని మీద పోట్లాడుకుందాం.

ఉంటాను మరి,
నీ నేస్తం