పశువుల బండిని ఆపండి, కానీ ఎండలో నిలబెట్టకండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది జోగులాంబ గద్వాల జిల్లా. కొద్దిపాటి చెలక, పాలిచ్చే బర్రెలు, ఒక జత ఎడ్లు ఉన్న ఇల్లు. పశువులను సంతకు తీసుకుపోవడం, సంతలో కొన్నవాటిని ఇంటికి తెచ్చుకోవడం, జబ్బు చేస్తే ఆసుపత్రికి చేర్చడం మాకు ఏటా ఉండే పనే. ఈ మధ్య ఆ పనికి బండి దొరకడం లేదు. కిరాయి ఎంతైనా ఇస్తామన్నా డ్రైవర్లు "పశువులా? వద్దన్నా, దారి పొడవునా టెన్షన్" అంటున్నారు. ఆ టెన్షన్‌లో మీ శాఖ తీసేయగలిగింది చాలానే ఉంది. అందుకే ఈ లేఖ.

తనిఖీలు వద్దని నేను అడగడం లేదు. డీసీఎం వ్యానులో పశువులను ఒకదానిమీద ఒకటి పడేలా కుక్కి, కాళ్లు కట్టి, లేవకపోతే తోకలు మెలిపెట్టి తీసుకుపోవడం నేనూ చూశాను. అలాంటి బండిని ఆపినవాళ్లకు దండం పెడతాను. నా బాధల్లా వేరు. ఆ బండికీ, ఇద్దరు మనుషులు పక్కన కూర్చుని రెండు కోడెలను జాగ్రత్తగా తెచ్చుకునే బండికీ మీ తనిఖీలో తేడా కనిపించడం లేదు. నిజం చెప్పాలంటే పెద్ద బండి వాళ్లకు ఎవరితో ఎలా మాట్లాడాలో తెలుసు. రోడ్డు మీద గంటలు గంటలు నిలబడేది మాలాంటి వాళ్లే.

1978 నాటి పశు రవాణా నిబంధనల్లో 56వది చదివించుకుని విన్నాను. బండి అడుగున కాలు జారకుండా కొబ్బరి పీచు చాప, చెక్కల వంటివి పరచాలి. పక్కలు తక్కువ ఎత్తులో ఉంటే పెంచాలి. ఆరు పశువులకు మించకూడదు. వాటి వెంట ఒక మనిషి ఉండాలి. వేరే సరుకు వేయకూడదు. వీలైతే పశువు తల ఇంజను వైపు ఉండాలి. ఇది రాసినాయనకు పశువుల సంగతి బాగా తెలుసు. ఇనుప డబ్బాలో పేడ, మూత్రం పడితే ఎద్దు నిలబడలేదు. ఒకసారి కూలబడిందంటే పక్కదాని కాళ్ల కింద నలిగిపోతుంది. మేము ఇసుక పోసి, దాని మీద మందంగా వరిగడ్డి పరుస్తాం. ఒకసారి ఒక అధికారి ఆ గడ్డిని కాలితో పక్కకు జరిపి "చాప ఏది?" అని అడిగాడు. ఎద్దు జారుతుందా లేదా అని మాత్రం చూడలేదు.

అసలు చిక్కు 2015లో వచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో అప్పుడు 125-ఇ చేర్చారు. పశువులను తీసుకెళ్లే బండిలో శాశ్వతంగా అరలు ఉండాలట. ఆవుకు, బర్రెకు తలా 2 చదరపు మీటర్లు, గొర్రెకు, మేకకు 0.3, పందికి 0.6. అలా మార్చిన బండికి ఆర్టీవో ప్రత్యేక లైసెన్సు ఇస్తారు. అందులో ఇక వేరే సరుకు వేయకూడదు. పెద్ద ఎత్తున పశువులను తరలించే వాళ్లకు ఇది సరైన నిబంధనే. మా సంగతి చూడండి. ఊళ్లో దొరికేది చిన్న ట్రాలీ ఆటో. దాని డబ్బా సుమారు ఏడు అడుగుల పొడవు, ఐదు అడుగుల లోపు వెడల్పు. అంటే మూడు చదరపు మీటర్ల పైచిలుకు. ఒక పశువుకు సరిపోతుంది, రెండో దానికి చాలదు. కానీ ఎడ్లను జతగానే కొంటాం కదా సార్. ఒంటెద్దుతో దున్నలేం. సరే, పెద్ద బండి మాట్లాడుకుందామంటే దానికీ అరలు ఉండవు. ఆ బండి ఓనరు ఒక రోజు టమాటా వేస్తాడు, ఇంకో రోజు సిమెంటు బస్తాలు, సంత రోజు పశువులు. పశువులకే అంకితమైన బండి పెట్టుకుంటే పల్లెటూళ్లో ఎవరికి గిట్టుబాటవుతుంది? అలాంటి బండి మా చుట్టుపక్కల ఒక్కటి కూడా లేదు. అంటే సంత నుంచి ఇంటికి పశువును తెచ్చుకునే ప్రతి రైతూ ఎంత జాగ్రత్తగా తెచ్చినా బయల్దేరేసరికే తప్పు చేసినట్టు. ఇక ఆపిన వాళ్ల దయ.

ఇది కేంద్రం నిబంధన, మీ చేతిలో లేదని తెలుసు. కానీ మీరు కేంద్రానికి రాయగలరు. రెండు మూడు పశువులను తీసుకెళ్లే చిన్న బండికి తీసి పెట్టుకునే అడ్డు కర్రలు, గొలుసులు ఉంటే చాలని సవరణ అడగండి. అవి వడ్రంగి చేతనో వెల్డింగ్ షాపులోనో ఒక్క పూటలో చేయించుకోవచ్చు. దూడ సంగతీ తేల్చమనండి. ఆ పట్టికలో దూడకు విడిగా లెక్క లేదు. తల్లితో పాటు లేగదూడను తెస్తే దాన్ని ఇంకో బర్రె కింద లెక్కగట్టాలా? గొర్రెలకైతే 1978 నిబంధనల్లో బరువును బట్టి ఒక కొలత, వాహనాల నిబంధనల్లో ఇంకో కొలత. ఏది చూడాలో మీ సిబ్బందికి ఒక కాగితం మీద రాసి ఇవ్వడం మాత్రం మీ చేతిలో పనే.

తర్వాత సర్టిఫికెట్. పశువు ప్రయాణానికి తగినట్టు ఉందని, అంటురోగం లేదని పశువైద్యుడు రాసివ్వాలి. ఇది ఉండాల్సిందే. లంపీ స్కిన్ వచ్చినప్పుడు, గాలికుంటు వచ్చినప్పుడు ఒక్క జబ్బు పశువు సంత నుంచి ఊరికొస్తే మంద మొత్తం ఎలా పడకేస్తుందో మాకు తెలుసు. కానీ ఆ డాక్టరు ఎక్కడున్నాడు? బేరం కుదిరేది సంతలో. పశువుల ఆసుపత్రి ఇంకెక్కడో ఉంటుంది. పెబ్బేరు సంతైనా, తుంగభద్ర అవతలి ఎమ్మిగనూరు సంతైనా, కొన్న పశువును పట్టుకుని డాక్టరు కోసం తిరిగేంత ఓపిక, సమయం కొన్నవాడికి ఉండవు. అక్కడే దళారి దూరతాడు, సంతకం పెట్టిన ఖాళీ కాగితాలతో. ఆ కాగితం ఏ పశువునూ చూసి రాసింది కాదు. తనిఖీలో మాత్రం అదే చెల్లుతుంది! కాగితాల సంగతి ప్రభుత్వానికీ తెలియనిది కాదు. గొర్రెల పంపిణీ పథకంలో గొర్రెలను తెచ్చినట్టు రాసిన వాహనాల నంబర్లలో బైకులు, అంబులెన్సులు కూడా ఉన్నాయని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తేల్చింది.

కాబట్టి పశుసంవర్ధక శాఖతో మాట్లాడి సంత జరిగే రోజున సంత గేటు దగ్గరే ఒక డాక్టరును కూర్చోబెట్టించండి. బయటకు పోయే ప్రతి పశువునూ చూసి అక్కడికక్కడే రాసివ్వాలి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వైద్య వాహనాలున్నాయి, వాటిలో ఒకదాన్ని సంత రోజు అక్కడ నిలిపినా చాలు. పశువు చెవికి పన్నెండు అంకెల పసుపు ట్యాగు ఉంది. ఆ నంబరు కొడితే యజమాని ఎవరో, ఏ టీకాలు పడ్డాయో భారత్ పశుధన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో కనిపిస్తుంది. సర్టిఫికెట్‌ను ఆ నంబరుకు కలిపేస్తే నకిలీ కాగితాల వ్యాపారం చాలావరకు మూతబడుతుంది. బండి ఆర్‌సీ, లైసెన్సు ఫోన్‌లో చూపిస్తే చెల్లుతున్నాయి కదా. పశువు సర్టిఫికెట్ కూడా అలాగే చెల్లాలి. ఆంధ్రలో రాసిన సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదనే మాట కూడా దారిలో వినబడుతోంది. పశువైద్యుడు నదికి ఏ ఒడ్డున ఉన్నా పశువైద్యుడే.

ఇక రోడ్డు మీద జరిగేది. పోయిన వేసవిలో కొత్తగా కొన్న కోడెలతో వస్తుంటే నట్టెండలో బండి ఆపారు. ఒకరు కాగితాలు చూశారు. పై అధికారి వచ్చి చూడాలన్నారు. ఆయన వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. బండి నడుస్తున్నంతసేపూ పశువుకు గాలి తగులుతుంది. ఆగిన ఇనుప డబ్బా పెనంలా కాలుతుంది. కోడెలు నాలుక బయటపెట్టి రొప్పుతుంటే పక్కనున్న హోటల్లో బతిమాలి బకెట్లతో నీళ్లు తెచ్చి పోశాం. చివరికి "సరే, పో" అన్నారు. పశువులకు బాధ కలగకూడదని పెట్టిన తనిఖీలో ఆ రోజు వాటికి కలిగిన బాధ దారి మొత్తం మీద కలగలేదు. అందుకే ఎండాకాలంలో తెల్లవారుజామున మూడింటికే బయల్దేరదామనుకుంటాం. చీకట్లో పశువుల బండి కనిపిస్తే దొంగ రవాణానే అని ఇంకో అనుమానం.

ఆ రోజు బండి చుట్టూ యూనిఫాం లేని కుర్రాళ్లు కూడా చేరారు. ఫోన్లలో వీడియో తీస్తూ, ఎక్కడికి, ఎందుకు అని నిలదీశారు. పశువులపై క్రూరత్వ నిరోధక చట్టం 34వ సెక్షన్ ప్రకారం అనుమానం ఉన్న పశువును స్వాధీనం చేసుకోగలిగింది కానిస్టేబుల్ కంటే పై స్థాయి పోలీసు అధికారి, లేదా రాష్ట్ర ప్రభుత్వం అధికారం ఇచ్చిన వ్యక్తి. దాన్ని మేజిస్ట్రేటు ముందో పశువైద్యుడి ముందో హాజరుపరచాలి. మూకదాడుల మీద 2018 జులైలో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు అలాంటి దాడులను అడ్డుకోవడానికి ప్రతి జిల్లాకూ ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని పెట్టమంది. మా జిల్లాలో ఆ అధికారి ఎవరు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి? ప్రతి సంత గేటు మీదా, ప్రతి టోల్ ప్లాజా దగ్గరా ఆ నంబరు తెలుగులో రాయించండి. పోలీసు మీ శాఖ కాదని నాకూ తెలుసు. కానీ బోర్డు రాయించడానికి ఏ శాఖైతేనేం?

పట్టుకున్నాక జరిగేది ఇంకా ఘోరం. క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది. 11వ సెక్షన్ కింద మొదటిసారి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం స్వాధీనం చేసుకున్న పశువును గోశాలకు పంపితే కేసు నడిచినన్నాళ్లూ దాని మేత, వైద్యం ఖర్చు యజమాని మీద, బండి ఓనరు మీద పడుతుంది. రైతు దగ్గర తప్పేమీ లేదని చివర్లో తేలినా మధ్యలో సాగు కాలం గడిచిపోతుంది, ఎడ్లు లేక పొలం బీడు పడుతుంది. పాడి బర్రె సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండు పూటలా పాలు పిండాల్సిన బర్రెను రాత్రంతా స్టేషన్ ముందు కట్టేస్తే తెల్లారేసరికి పొదుగు గట్టిపడి వాపు వస్తుంది. ఆ ఈతకు ఆ బర్రె పాలు పోయినట్టే.

అందుకని చిన్న రైతు బండిలో లోపం కనిపిస్తే, పశువు ఒంటి మీద గాయం గానీ జబ్బు గానీ లేకపోతే, ఫొటో తీసి, నోటీసు ఇచ్చి, బండిని ఇంటికి పోనివ్వమని ఉత్తర్వు ఇవ్వండి. రైతు ఊరు, ట్యాగు నంబరు చేతిలో ఉన్నాయి, ఎక్కడికీ పారిపోడు. తప్పకుండా ఆపాల్సి వస్తే నీడ, నీళ్లు ఉన్న చోటనే ఆపాలి, అరగంట దాటకూడదు. హైవే పక్కన పశువును దింపి మళ్లీ ఎక్కించమనొద్దు. ఎక్కడానికి దిమ్మె లేని చోట ఎక్కిస్తేనే కాళ్లు విరుగుతాయి.

మాకూ చెప్పాల్సినవి చెప్పండి. ఈని 72 గంటలు దాటని పశువును, దారిలో ఈనేలా ఉన్న చూడి పశువును బండెక్కించకూడదని నిబంధన ఉంది. సంతలో ఎంతమందికి తెలుసు? ఈనిన మర్నాడే దూడతో సహా అమ్మకానికి తెస్తారు, ఎక్కువ ధర వస్తుందని. అలాంటి బర్రెను గేటు దగ్గరే వెనక్కి పంపితే మేమెవరమూ అడ్డు చెప్పం.

రోహిణి కార్తె దగ్గర పడితే మా వైపు ఎడ్ల కొనుగోళ్లు ఊపందుకుంటాయి. చిన్న బండ్ల గురించి ఆ ఉత్తర్వు, సంత గేట్ల దగ్గర డాక్టర్లు ఆలోపే వస్తే ఈ ఏడాది దుక్కులకే ఉపయోగపడతాయి. మీరు ఏ సంతకైనా వచ్చి చూస్తానంటే ముందు చెప్పకుండా రండి, చెబితే ఆ రోజుకు అన్నీ సక్రమంగానే ఉంటాయి.

ఇట్లు,
ఒక చిన్న రైతు,
జోగులాంబ గద్వాల జిల్లా